జడ్జమ్మ ఓటడిగితే...!

అక్కడ జడ్జిగారు ప్రజల ముందు నిలబడి ఓటడగాలి. ఇక్కడ జడ్జిగారి ముందు మనం చేతులు కట్టుకుని నిలబడతాం. ఏది మేలు?

ఓట్లకోసం ఎవరెవరు మన గడప తొక్కుతారో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. వార్డు మెంబరు వస్తాడు, సర్పంచి అభ్యర్థి వస్తాడు, ఎమ్మెల్యే వస్తాడు. 'అక్కా, మర్చిపోకు, ఈసారి మనకే' అని దండం పెట్టి పోతారు. కానీ ఒక జడ్జిగారు మన వాకిట్లోకి వచ్చి, 'అమ్మా, ఈ ఆరేళ్లూ న్యాయంగా తీర్పులు చెప్పాను, మళ్లీ నన్నే ఎన్నుకోండి' అని అడగడం ఎప్పుడైనా చూశారా?

'ఏందమ్మా ఈ చోద్యం!' అంటారు కదూ? మన దగ్గర చోద్యమే. అమెరికాలో మాత్రం మామూలు సంగతి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి పిల్లల పురుళ్లకనీ, మనవల ఆలనాపాలనకనీ వెళ్లివచ్చే అమ్మలను అడిగి చూడండి. ఎన్నికల రోజుల్లో అక్కడి ఇళ్ల ముందు పచ్చిగడ్డిలో చిన్న చిన్న బోర్డులు పాతి ఉంటాయి. 'ఫలానా జడ్జిగారిని మళ్లీ ఎన్నుకోండి' అని వాటిమీద రాసి ఉంటుంది. మైకులుండవు, జీపులుండవు. అయినా అది ఓటు అడగడమే!

ఇప్పుడు ఆ న్యాయపీఠాల మీద మన ఆడపిల్లలు కూడా కూర్చుంటున్నారు. అందుకే ఈ ఓట్ల సంగతేమిటో, అందులో మంచేమిటో చెడేమిటో, మన కోర్టు మెట్లెక్కే ఆడవాళ్లకు దానివల్ల తెలిసేదేమిటో ఓసారి మాట్లాడుకుందాం.

బెజవాడ బిడ్డ

2024 మే నెలలో తెలుగు పత్రికలన్నీ ఒక ఫొటో వేశాయి. విజయవాడలో పుట్టిన జయ బాడిగ కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టుకు జడ్జిగా నియమితురాలైంది. మచిలీపట్నం మాజీ ఎంపీ బాడిగ రామకృష్ణగారి అమ్మాయి. ప్రమాణ స్వీకారం నాడు ఆమె సభికులను తెలుగులో పలకరించడం ఇక్కడ ఇంటింటా టీవీల్లో చూసి మురిసిపోయాం.

మురిసిపోవడం సరే, ఆమె నడిచిన దారి కూడా తెలుసుకోదగ్గదే. హైదరాబాద్‌లో చదువుకుని అమెరికా వెళ్లింది. బోస్టన్ యూనివర్సిటీలో అంతర్జాతీయ సంబంధాలు, కమ్యూనికేషన్ చదివి ఎం.ఎ. పట్టా తీసుకుంది. అక్కడితో ఆగలేదు. శాంటా క్లారా యూనివర్సిటీలో న్యాయశాస్త్రం చదివింది. రాష్ట్ర ప్రభుత్వ శాఖల్లో న్యాయవాదిగా పనిచేసింది. సొంతంగా ప్రాక్టీసు పెట్టుకుంది. కుటుంబ తగాదాల కేసులు ఆమెకు కొట్టినపిండి. విడాకులు, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి, ఖర్చులు ఎవరివ్వాలి... ఇట్లాంటివన్నమాట. 2022లో అదే కోర్టులో కమిషనర్ అయింది. కమిషనరంటే జడ్జికి ఒక మెట్టు కింద ఉండి కేసులు వినే అధికారి. రెండేళ్ల తర్వాత, ఒక జడ్జి రిటైరై ఖాళీ అయిన స్థానంలో గవర్నర్ గవిన్ న్యూసమ్ ఆమెను నియమించారు.

'నియమించారంటున్నావు, మరి ఓట్లెక్కడ?' అని అడుగుతారేమో. అక్కడికే వస్తున్నా.

ఓటు లెక్క ఇదీ...

కాలిఫోర్నియాలో 58 కౌంటీలున్నాయి. కౌంటీ అంటే మన జిల్లా అనుకోండి. ఒక్కో కౌంటీకి ఒక సుపీరియర్ కోర్టు. అందులో జడ్జి కావాలంటే కనీసం పదేళ్లు న్యాయవాద వృత్తిలోనో, జడ్జిగానో ఉండాలి. పదవీకాలం ఆరేళ్లు. మధ్యలో ఖాళీ వస్తే గవర్నర్ నియమిస్తారు. కానీ ఆ నియామకం శాశ్వతం కాదు. రాజ్యాంగం చెప్పిన గడువులో ఆ సీటు ఓటర్ల ముందుకు రావలసిందే. జయ బాడిగ సీటుకైనా ఇదే నిబంధన.

ఎవరూ పోటీకి రాకపోతే ఉన్న జడ్జి పేరు బ్యాలెట్ మీదకు కూడా రాదు, ఏకగ్రీవమే. పోటీకొస్తే మాత్రం ఓట్లు అడగక తప్పదు. బ్యాలెట్ మీద పార్టీ పేరుండదు.

టెక్సాస్ రాష్ట్రం కథ వేరు. అక్కడ జడ్జిలు పార్టీ టికెట్ మీదే పోటీ చేస్తారు! హ్యూస్టన్ పక్కన ఫోర్ట్ బెండ్ కౌంటీ ఉంది. మన తెలుగువాళ్లు గుంపుగా స్థిరపడిన షుగర్‌లాండ్ అక్కడే. ఆ కౌంటీలో 2018లో జూలీ మాథ్యూ అనే మలయాళీ ఆడబిడ్డ జడ్జిగా ఎన్నికైంది. 2022లో మళ్లీ పోటీచేసి మళ్లీ గెలిచింది. రెండోసారి ప్రమాణ స్వీకారం ఎక్కడినుంచి చేసిందనుకున్నారు? కేరళలో అత్తగారింటి నుంచి, వీడియోలో! అదే ఎన్నికల్లో అదే కౌంటీ నుంచి గెలిచిన మరో మలయాళీ సురేంద్రన్ పట్టేల్ చిన్నతనంలో బీడీలు చుట్టి చదువుకున్న మనిషి. తెలంగాణలో బీడీలు చుట్టిన చేతులెన్ని ఉన్నాయో మనకు తెలుసు. ఆ చేతులే తీర్పు కూడా రాయగలవు!

మాట ఇవ్వకూడదు!

మన నాయకులు ఓటడిగేటప్పుడు ఏం చేస్తారు? వాగ్దానాలు చేస్తారు. రోడ్డు వేయిస్తాం, పింఛను ఇప్పిస్తాం అంటారు. జడ్జి ఏమని వాగ్దానం చెయ్యాలి? 'నాకు ఓటేస్తే మీ కేసు గెలిపిస్తా' అనవచ్చునా? శివ శివా!

అందుకే అక్కడ న్యాయమూర్తుల ప్రవర్తనకు నియమావళి ఉంది. తన ముందుకు రాబోయే కేసుల్లో ఫలానా తీర్పు చెబుతానని మాటివ్వకూడదు. నడుస్తున్న కేసుల గురించి నోరు విప్పకూడదు. పదవి హోదాను అడ్డం పెట్టుకుని ఎవరికీ మేలు చేయకూడదు. మంచి పనికైనా సరే, చందాల పుస్తకం పట్టుకుని ఊరిమీద పడకూడదు.

మరి ఏం చెప్పి ఓటడుగుతారు? ఇన్నేళ్లు ఏం పనిచేశానో చెబుతారు. బడి పిల్లలకు కోర్టు ఎట్లా నడుస్తుందో చూపిస్తారు. పిల్లలతో ఉత్తుత్తి కోర్టు నడిపించి వాదనలు చేయిస్తారు. కొత్త లాయర్లకు మెలకువలు నేర్పుతారు. తప్పుదారి పట్టిన మైనరు పిల్లలను జైలుకు పంపేబదులు దారిలో పెట్టే కార్యక్రమాలు నడుపుతారు. లాయరును పెట్టుకోలేని వాళ్లకు ఏ కాగితం ఎట్లా నింపాలో చెప్పే స్వయంసహాయ కేంద్రాలు కాలిఫోర్నియా కోర్టుల్లో ఉన్నాయి. కొట్టే భర్త దగ్గరికి రాకుండా రక్షణ ఉత్తర్వు అడగడానికి అక్కడ ఫీజు లేదు. ఇట్లాంటి ఏర్పాట్లు బాగా నడిపిన జడ్జికి ఊళ్లో మంచి పేరుంటుంది. ఆ పేరే ఓటు.

తీపీ ఉంది, చేదూ ఉంది

'ఇదేదో బాగుందే! మనకూ ఉంటే ఎంత బాగుండు' అనిపిస్తోందా? కాస్త ఆగండి. రెండు కథలు చెబుతాను.

మొదటిది. 2015 జనవరిలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో స్పృహలేని ఒక యువతిపై ఓ విద్యార్థి లైంగిక దాడి చేశాడు. నేరం రుజువైంది. ప్రభుత్వ న్యాయవాది ఆరేళ్లు జైలు అడిగాడు. 2016 జూన్‌లో జడ్జి ఆరోన్ పెర్స్కీ వేసిన శిక్ష ఆరు నెలలు! దోషి మంచి ఈతగాడు, ముందు ముందు భవిష్యత్తు ఉన్నవాడు అనే మాటలు చాలా వినబడ్డాయి. మరి ఆ అమ్మాయికి భవిష్యత్తు లేదా? ఆమె కోర్టులో చదివిన ఉత్తరాన్ని లక్షలమంది చదివారు. ఆడవాళ్లు సంతకాలు సేకరించారు. 2018 జూన్‌లో ఓటింగు పెట్టించి ఆ జడ్జిని పదవినుంచి దించేశారు. కాలిఫోర్నియాలో ఒక జడ్జిని ప్రజలు అట్లా వెనక్కు పిలవడం ఎనభై ఏళ్లకు పైగా ఎన్నడూ జరగలేదు. మరుసటి సంవత్సరం ఆ యువతి చానెల్ మిల్లర్ తన పేరు తానే బయటపెట్టుకుని పుస్తకం రాసింది.

చదవగానే 'శభాష్!' అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ రెండో కథ కూడా వినండి.

రోజ్ బర్డ్ అని ఒకావిడ. 1977లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టుకు ప్రధాన న్యాయమూర్తి అయింది. ఆ పీఠం మీద కూర్చున్న మొదటి మహిళ. తన ముందుకు వచ్చిన మరణశిక్ష కేసులన్నిటిలోనూ ఉరి వద్దనే చెప్పింది. చట్టం ప్రకారం విచారణలో లోపాలున్నాయన్నది ఆమె మాట. ప్రత్యర్థులు ఊరుకోలేదు. డబ్బు కుమ్మరించి ప్రచారం చేశారు. 1986 నవంబరులో ఓటర్లు ఆమెనూ, ఆమెతోపాటు మరో ఇద్దరు న్యాయమూర్తులనూ ఇంటికి పంపారు.

చూశారా? పెర్స్కీని దించిందీ ఓటే, రోజ్ బర్డ్‌ను దించిందీ ఓటే. మొదటిదాంట్లో మనకు న్యాయం కనిపిస్తుంది. రెండోదాంట్లో, జనం కోపానికి భయపడని ఒక ఆడమనిషి బలైపోవడం కనిపిస్తుంది. పెర్స్కీని దించడం వద్దని ఎందరో న్యాయశాస్త్ర ఆచార్యులు కూడా అప్పట్లో అన్నారు. ఆయన వేసిన శిక్ష నచ్చి కాదు. రేపు ఓటుకు భయపడి జడ్జిలు ప్రతి కేసులోనూ కఠినంగా తీర్పులిస్తే నలిగిపోయేది అండలేని పేదవాళ్లేనని వాళ్ల బెంగ.

అమెరికా సుప్రీంకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి సాండ్రా డే ఓకానర్ కూడా మొదట్లో, 1974లో, అరిజోనాలో ఓట్లడిగి జడ్జి అయినామే. ఆమే రిటైరయ్యాక, జడ్జిలకు ఎన్నికలు వద్దని ఊరూరా తిరిగి చెప్పింది. అనుభవం చెప్పిన మాట అది!

మన దగ్గర...

మన దేశంలో జడ్జి ఓటడగడు. జూనియర్ సివిల్ జడ్జి కావాలంటే లా చదవాలి, పరీక్ష రాయాలి. కనీసం మూడేళ్లు వకీలుగా పనిచేసి ఉండాలని 2025 మే నెలలో సుప్రీంకోర్టు మళ్లీ నియమం పెట్టింది. జిల్లా జడ్జిలను హైకోర్టుతో సంప్రదించి గవర్నర్ నియమిస్తారు. ఒకచోట కొన్నేళ్లు ఉంటారు, బదిలీ మీద ఇంకోచోటికి పోతారు.

ఇంకో తమాషా చూడండి. 1997లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తమకు తాము కొన్ని కట్టుబాట్లు రాసుకున్నారు. అందులో ఒకటేమిటంటే, న్యాయమూర్తి ఒక క్లబ్బు ఎన్నికలో కూడా పోటీ చేయకూడదు! అక్కడేమో ఓటడగందే కుర్చీ నిలవదు. ఇక్కడేమో క్లబ్బు ఎన్నికలు కూడా కూడవు.

అయితే మన దేశంలో ఓట్లతో ఎన్నికైన న్యాయపీఠం అసలే లేదనుకోకండి. బీహార్‌లో ఉంది. ఆ రాష్ట్రం 2006లో చేసిన పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకి 'గ్రామ కచహరీ' అని ఒక ఊరికోర్టు. దాని పెద్దను 'సర్పంచ్' అంటారు. ఊరి పాలన చూసే మనిషి వేరు, ఆయన 'ముఖియా'. ఇద్దరినీ జనమే ఎన్నుకుంటారు. కచహరీ సీట్లలో సగం ఆడవాళ్లవి. వెయ్యి రూపాయల దాకా జరిమానా వేయవచ్చు గానీ జైలుకు పంపే అధికారం లేదు. సలహా చెప్పడానికి లా చదివిన 'న్యాయమిత్ర' ఉంటారు. కొంగు తలమీద కప్పుకుని ఊళ్లో ఆడవాళ్లు తీర్పులు చెబుతున్నారంటే ఎంత బాగుంటుంది!

అరుగుమీది పంచాయితీ

మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల పల్లెల్లో ఓట్లతో పనిలేని కోర్టు ఒకటి ఎప్పటినుంచో ఉంది. అదే పెద్దమనుషుల పంచాయితీ. ఇటువైపు నుంచి నలుగురు, అటువైపు నుంచి నలుగురు. ఇరువైపులా డిపాజిట్ డబ్బులు పెట్టించి కూర్చుంటారు.

ఇట్లాంటి పంచాయితీల ముచ్చట్లు మన ఇళ్లలో విననివాళ్లెవరు? పిల్ల తరఫున అన్న మాట్లాడతాడు. మొగుడి తరఫున తండ్రి మాట్లాడతాడు. పెద్దమనుషులు తలలూపుతారు. 'సర్దుకపోవాలె బిడ్డా, సంసారమన్నాక గట్లనే ఉంటది' అని తేలుస్తారు. ఆ పిల్ల మాత్రం చెట్టుచాటునో, గోడవారనో నిలబడి ఉంటుంది. 'నీకేం కావాలమ్మా?' అని ఆమెను అడిగే నాథుడుండడు.

కోర్టుకీ అరుగుకీ పెద్ద తేడా ఇక్కడే. కోర్టులో ఆమె పేరు పిలుస్తారు. బోనెక్కి ఆమే చెప్పాలి. జడ్జి ఆమె మాటే రాసుకోవాలి. వాయిదాలు పడతాయి, బస్సు కిరాయిలవుతాయి, చెప్పులరుగుతాయి, అదంతా నిజమే. ఆ బాధ తక్కువది కాదు. అయినా ఆమె మాట ఆమె నోటినుంచే వినే చోటు అదొక్కటే.

2016లో సూర్యాపేట జిల్లా అయింది. 2022 జూన్ 2న దానికి సొంత జిల్లా న్యాయస్థానం వచ్చింది. కోదాడ ఈ జిల్లాలోనిదే. మిర్యాలగూడ నల్గొండ జిల్లా కిందే ఉంది. మూడు ఊళ్లలోనూ కోర్టులున్నాయి. ఆ పీఠాలమీద ఆడవాళ్లు కూర్చోవడం ఇప్పుడు వింత కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో తొలి మహిళా న్యాయమూర్తి జస్టిస్ అమరేశ్వరి 1978లో ప్రమాణం చేశారు. తెలంగాణ హైకోర్టుకు తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తిగా జస్టిస్ హిమా కోహ్లీ 2021లో వచ్చారు. నాడు ఒక్కరు కనబడితే వార్త. నేడు 'జడ్జమ్మ' అనేది మన ఊళ్లో మామూలు మాట.

ఓటు అడగని సేవ

మన జడ్జిలు ఓటడగరు కదా, మరి జనంలోకి రావలసిన పనేముంది అనుకుంటాం. ఉంది! అదీ చట్టమే పెట్టిన పని.

న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1987లో వచ్చింది, 1995 నవంబరు 9న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ప్రతి జిల్లాలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. దానికి అధ్యక్షులు జిల్లా జడ్జిగారే. కింది స్థాయిలో మండల న్యాయ సేవా కమిటీలు. బళ్లలో, హాస్టళ్లలో, జైళ్లలో, ఊరి చావిడిలో న్యాయ విజ్ఞాన సదస్సులు పెట్టేది వీళ్లే. లోక్ అదాలత్‌లు నడిపేది వీళ్లే. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అదే చివరి తీర్పు, దానిమీద అప్పీలుండదు. అంతకుముందు కోర్టులో కట్టిన ఫీజు వెనక్కి వస్తుంది.

కానీ అక్కా, ఒక్క మాట. రాజీ అంటే లొంగిపోవడం కాదు. ఇష్టం లేకపోతే సంతకం పెట్టక్కర్లేదు. 'ఒప్పుకోను' అంటే కేసు మళ్లీ కోర్టుకే పోతుంది. ఈ సంగతి తెలియక, ఎదుట పెద్దవాళ్లు కూర్చున్నారనే మొహమాటంతో సంతకం పెట్టి ఇంటికొచ్చి ఏడ్చేవాళ్లున్నారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ చట్టంలోని 12వ సెక్షన్. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలి! మొగుడికి పదెకరాలున్నా సరే, పుట్టింటివాళ్లకు మిల్లున్నా సరే. ఎందుకంటే ఆ పదెకరాలు ఆమె చేతిలో ఉండవని చట్టానికి తెలుసు. మన ఇళ్లలో ఎంతమందికి తెలుసు?

అమెరికాలో జడ్జి జనంలోకి వస్తే అందులో రేపటి ఓటు లెక్క కొంత ఉండవచ్చు. ఇక్కడి జడ్జమ్మ ఆదివారం పూట ఒక హాస్టల్‌కొచ్చి ఆడపిల్లలకు బాల్యవివాహం నేరమని చెబితే, ఆ పిల్లలు ఆమెకు ఇవ్వగలిగింది ఏమీ లేదు. రెండేళ్లకో మూడేళ్లకో ఆమె బదిలీ అయిపోతుంది. అట్లాంటి సేవకు విలువ ఎక్కువ. అయితే ఒక లోటూ ఉంది. చేయని జడ్జిని అడిగే ఓటు మన దగ్గర లేదు.

మరి మనమేం చేయాలి? సదస్సు పెట్టినప్పుడు కుర్చీలు ఖాళీగా ఉంచకూడదు. వెళ్లాలి. అర్థం కానిది అడగాలి. తీర్పు నచ్చకపోతే అప్పీలుంది, దాన్ని వాడుకోవాలి. ఉచిత లాయరు సరిగా పట్టించుకోకపోతే న్యాయ సేవాధికార సంస్థకు కాగితం రాసి, మార్చమని అడగాలి. ఓటు వేసి జడ్జిని మార్చలేం. కానీ నోరు విప్పి మన కేసును మార్చుకోగలం.

జడ్జమ్మ మన గడపకు వచ్చి ఓటడగదు. అవసరమున్న నాడు మనమే ఆమె గడపకు వెళ్లాలి. ఆ దారి ఎటుందో మన ఆడపిల్లలకు పెళ్లికి ముందే, పసుపు కుంకుమలతోపాటు చెప్పి పంపుదాం!

కత్తిరించి దాచుకోండి

• ఉచిత న్యాయ సహాయానికి ఫోన్: 15100. ఆపదలో ఉన్న మహిళలకు: 181.

• ఉచిత లాయరు కోసం జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో, లేదా మీ ఊరి కోర్టులోని మండల కమిటీలో తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి ఇవ్వవచ్చు. రాయడం రానివాళ్లు నోటితో చెబితే అక్కడివారే రాసుకుంటారు.

• గృహహింస చట్టం 2005లో చేశారు, 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉంది. మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేసుకుంటే అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని అందులోనే రాసి ఉంది. అత్తింట్లో ఉండే హక్కు, రక్షణ, ఖర్చులు అన్నీ అడగవచ్చు.

• మనోవర్తికి ఇదివరకు 125 సెక్షన్ అనేవారు. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో అది 144వ సెక్షన్. భర్త ఊరికే పోయి కేసు వేయాలనేం లేదు, మీరుంటున్న చోటే వేయవచ్చు.

• పెళ్లి పత్రిక, పెళ్లి ఫొటోలు, ఆధార్, ఆసుపత్రి చీటీలు, బ్యాంకు పుస్తకం... వీటి జిరాక్సులు పుట్టింట్లోనో, నమ్మకమైన స్నేహితురాలి దగ్గరో ఒక కట్ట ఉంచుకోండి.